గామా పహిల్వాన్: తాలీం విలువ చెప్పిన జీవితం

కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో తెల్లవారుజామున ప్రయాణం చేసినవారికి ఒక దృశ్యం పరిచయమే. ఫజర్ నమాజు ముగిసి వెలుగు ఇంకా పూర్తిగా రాకముందే కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురుగా రోడ్డు వెంట పరుగెత్తుతూ కనిపిస్తారు. ఒకపక్క అడవి, మరోపక్క పొలాలు. వీరిలో సింగరేణి కార్మికుల పిల్లలున్నారు, కోయగూడేల పిల్లలున్నారు, మన మొహల్లాల పిల్లలూ ఉన్నారు. ఎక్కువమంది పోలీసు ఉద్యోగానికో, సైన్యంలో చేరడానికో తయారవుతున్నవారు. కానీ కొంతకాలంగా కొందరు మరో పని మీద పరుగెత్తుతున్నారు. దాని పేరు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. కుస్తీ, బాక్సింగ్, జూడో, కిక్ బాక్సింగ్ అన్నీ కలిపి ఒకే బరిలో ఆడే పోటీ.

ఈ పిల్లల ఫోన్లలో దాగిస్తాన్‌కు చెందిన ఖబీబ్ నూర్‌మగొమెదోవ్ పోరాటాలు ఉంటాయి. ఆయన 29 పోటీలు ఆడి ఒక్కటి కూడా ఓడకుండా 2020లో ఆట విరమించుకున్నారు. ఆయన ముస్లిం కావడం, గెలిచిన ప్రతిసారీ అల్లాహ్‌ను స్తుతించడం మన పిల్లలను బాగా ఆకట్టుకుంది. ఆయనకు చిన్ననాటినుంచి కుస్తీ నేర్పిన గురువు కన్నతండ్రేనని, ఆ తండ్రి కన్నుమూసిన ఏడాదే ఆయన బరి నుంచి తప్పుకున్నారని మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు.

ఇటీవల ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. కొడుకు తన మొదటి అమెచ్యూర్ పోటీకి తయారవుతున్నాడట. రాత్రి అన్నం మానేస్తున్నాడట, ఎండలో మందపాటి దుస్తులు వేసుకుని పరుగెత్తుతున్నాడట. నేర్పేవాడెవడని అడిగితే ఫోన్ చూపిస్తున్నాడట. ఇది ధర్మసమ్మతమేనా, వాడిని పంపవచ్చా, వద్దంటే వింటాడా అని ఆ తల్లి బాధ. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పి పంపగల సంగతి కాదిది. అందుకని ఆ తల్లికీ కొడుక్కీ కలిపి ఒక మహా మల్లుడి జీవితం చెప్పవలసివచ్చింది. అదే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాం.

తండ్రి లేని బిడ్డ

ఆ మల్లుడి అసలు పేరు గులామ్ ముహమ్మద్ బఖ్ష్. లోకానికి గామా పహిల్వాన్. 1878లో పంజాబ్‌లోని అమృత్‌సర్ ప్రాంతంలో పుట్టారు. వారిది కాశ్మీరు నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబం. తరతరాలుగా కుస్తీయే వారి వృత్తి. తండ్రి ముహమ్మద్ అజీజ్ బఖ్ష్ బుందేల్‌ఖండ్‌లోని దతియా సంస్థానంలో ఆస్థాన మల్లుడు.

గామాకు ఆరేళ్ళు నిండీ నిండకముందే తండ్రి చనిపోయాడు. తల్లి తండ్రి నూన్ పహిల్వాన్ మనవడిని చేరదీశాడు. పిల్లవాడి చేత మెల్లగా దండీలు, బస్కీలు మొదలుపెట్టించాడు. కొంతకాలానికి ఆ తాత కూడా కన్నుమూశాడు. అప్పుడు మేనమామ ఈదా పహిల్వాన్ బాధ్యత తీసుకున్నాడు. తండ్రి పోయినా తండ్రి విద్య ఆ బిడ్డకు దూరం కాలేదంటే కారణం ఈ ఇద్దరు పెద్దలు. అనాథ బిడ్డ తల నిమిరితే ఎంత పుణ్యమో మనకు తెలుసు. ఆ బిడ్డకు ఒక విద్య నేర్పి తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేయడం ఇంకా గొప్ప పుణ్యం.

ఇక్కడ పాఠకులు ఒక మాట గమనించాలి. మన తెలుగువాళ్ళు కుస్తీ నేర్పే గురువును వస్తాదు అంటారు. అది ఉర్దూలోని ఉస్తాద్ అన్న మాటే. బడిలో అక్షరాలు నేర్పేవాడూ ఉస్తాదే, గోదాలో పట్లు నేర్పేవాడూ ఉస్తాదే. అలాగే వ్యాయామశాలను మన ఊళ్ళలో తాలింఖానా అంటారు. తాలీం అంటే చదువు, శిక్షణ. ఖానా అంటే ఇల్లు. అంటే తాలింఖానా చదువుల ఇల్లన్నమాట. దెబ్బలాటల ఇల్లని పెద్దలు దానికి పేరు పెట్టలేదు. బలం కూడా ఒక విద్యేనని, దానికీ ఒక గురువు, ఒక క్రమం, ఒక అదబ్ ఉంటాయని ఆ పేరే చెబుతోంది.

జోధ్‌పూర్ మైదానంలో

1888లో జోధ్‌పూర్ మహారాజు ఒక పోటీ పెట్టాడు. దేశం నలుమూలల నుంచి నాలుగు వందల మందికి పైగా మల్లులు వచ్చారు. పోటీ కుస్తీ కాదు, బస్కీలు. ఎవరు ఎక్కువ సేపు ఆగకుండా తీయగలరన్నదే పరీక్ష. మీసాలు మెలితిప్పిన పెద్ద పెద్ద పహిల్వాన్ల మధ్య పదేళ్ళ గామా కూడా నిలబడ్డాడు.

గంటలు గడిచాయి. ఒక్కొక్కరే కూలబడి పక్కకు తప్పుకున్నారు. చివరకు పదిహేను మంది మిగిలారు. ఆ పదిహేను మందిలో ఈ పిల్లవాడు ఉన్నాడు. అంత చిన్న వయసులో అంతటి ఓర్పు చూసి మహారాజు ఆశ్చర్యపోయి గామానే విజేతగా ప్రకటించాడు. ఆ తర్వాత దతియా మహారాజు గామా పోషణ, శిక్షణల భారం స్వీకరించాడు.

గామాకు పేరు తెచ్చిన మొదటి పోటీలో ఎవరినీ పడగొట్టలేదు. ఎవరి మీదా చెయ్యి వేయలేదు. తన కాళ్ళను, తన ఊపిరిని, తన మనసును మాత్రం గెలిచాడు. సబర్ అన్న గుణం గురించి మనం ఎన్నో ప్రసంగాలు వింటాం. ఆ పదేళ్ళ పిల్లవాడు దానిని ఒళ్ళు అలిసేదాకా చేసి చూపాడు.

ఏళ్ళ తరబడి సాగిన తాలీం

దతియాలో గామా దినచర్య తెల్లవారకముందే మొదలయ్యేది. రోజుకు వేల సంఖ్యలో బస్కీలు, దండీలు తీసేవారని, తోటి మల్లులు నలభై మందితో పట్లు పట్టేవారని చెబుతారు. రాతి గదలు తిప్పడం, గోదా మట్టిని తవ్వి మెత్తబరచడం కూడా సాధనలో భాగమే. ఆహారం పాలు, నెయ్యి, బాదం, మాంసం. వేళకు తిండి, వేళకు నిద్ర.

ఈ లెక్కలు విని ఈనాటి పిల్లలు ఒక్కరోజులోనే వెయ్యి బస్కీలు తీయబోతే మోకాళ్ళు చెడతాయి. గామా కూడా ఒక్కరోజులో అక్కడికి చేరలేదు. తాత, మేనమామ చిన్ననాటినుంచి కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చారు. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పే మనిషి పక్కన ఉన్నాడు. ఫోన్‌లో పాఠం చెప్పేవాడికి మన పిల్లవాడి మోకాలు నొప్పి కనబడదు. వాడు రాత్రి నిద్రపోలేదని తెలియదు. వస్తాదు చూస్తే చాలు, ఆ రోజు గోదాలో దిగవద్దని ఇంటికి పంపేస్తాడు.

పదిహేడేళ్ళ వయసులో గామా ఆనాటి మేటి మల్లుడు రహీం బఖ్ష్ సుల్తానీవాలాతో తలపడ్డారు. రహీం బఖ్ష్ గుజ్రాన్‌వాలాకు చెందినవాడు. చాలా పొడగరి, అనుభవజ్ఞుడు. ఆయన పక్కన గామా కుర్రవాడిలా కనిపించాడు. గామా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు మాత్రమే. ఎంతోసేపు పోరాడినా ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. ఆ పోటీతో గామా పేరు దేశమంతా పాకింది. ఆ తర్వాత కొన్నేళ్ళలో పేరున్న మల్లులందరినీ ఆయన ఓడించారు, ఒక్క రహీం బఖ్ష్‌ను తప్ప.

లండన్‌లో

1910లో గామా, ఆయన తమ్ముడు ఇమాం బఖ్ష్ లండన్ వెళ్ళారు. పంపినది శరత్‌కుమార్ మిత్రా అనే బెంగాలీ హిందూ ధనికుడు. ముస్లిం మల్లుడిని పెంచింది దతియా హిందూ మహారాజు, సముద్రం దాటించింది బెంగాలీ హిందువు. ఆ రోజుల్లో గోదాలో మతం అడిగేవారు కాదు, ఎవరి శిష్యుడవని అడిగేవారు.

లండన్‌లో ముందు అవమానమే ఎదురైంది. ఎత్తు తక్కువ అన్న కారణంతో గామాను పోటీలో చేర్చుకోలేదు. వేరొకరైతే కోపంతో తిరిగివచ్చేవారు. గామా అలా చేయలేదు. ఎంత బరువున్నవారైనా సరే, ఏ ముగ్గురు మల్లులు వచ్చినా ముప్పై నిమిషాలలో పడగొడతానని బహిరంగ సవాలు ప్రకటించారు. చాలామంది దానిని గొప్పలనుకుని పట్టించుకోలేదు. చివరకు అమెరికాకు చెందిన డాక్టర్ బెంజమిన్ రోలర్ ముందుకు వచ్చాడు. ఆగస్టులో జరిగిన ఆ పోటీలో గామా ఆయనను మొదటిసారి రెండు నిమిషాలలోపు, రెండోసారి పది నిమిషాలలోపు పడగొట్టారు. దానితో అందరి చూపూ ఇటు తిరిగింది. ఇమాం బఖ్ష్ కూడా ఆ రోజుల్లోనే స్విట్జర్లాండ్ మల్లుడు జాన్ లెమ్‌ను ఓడించాడు.

తెలియని నేల మీద

అసలు పరీక్ష 1910 సెప్టెంబరు 10న జరిగింది. ప్రత్యర్థి పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ బిస్కో. ప్రపంచంలో అగ్రశ్రేణి మల్లులలో ఒకడు. గామా కంటే చాలా బరువైనవాడు. బహుమతి 250 పౌండ్లు, జాన్ బుల్ పేరు గల పట్టీ.

పోటీ మొదలైన కొద్దిసేపటికే గామా ఆయనను కిందికి తెచ్చారు. కానీ బిస్కో బోర్లా పడి చాపను కరుచుకున్నాడు. తిరిగి లేవడానికి ప్రయత్నించలేదు. వీపు నేలకు ఆనితేనే ఓటమి కనుక, వీపు తిప్పనివ్వకుండా అలాగే ఉండిపోయాడు. గామా పైనుండి తిప్పాలని ఎన్ని పట్లు వేసినా ఆ బరువు కదలలేదు. రెండున్నర గంటలకు పైగా ఇలాగే సాగింది. చివరకు ఫలితం తేలకుండానే పోటీ ఆపేశారు. వారం తర్వాత సెప్టెంబరు 17న మళ్ళీ జరగవలసిన పోటీకి బిస్కో రాలేదు. నిర్వాహకులు గామాను విజేతగా ప్రకటించి పట్టీ ఇచ్చారు.

ఈ కథ వింటున్నప్పుడు ఆ తల్లితో వచ్చిన కుర్రవాడు ఇక్కడే ఆపి ఒక ప్రశ్న వేశాడు. అంత బలవంతుడు రెండున్నర గంటలలో ఒక మనిషిని ఎందుకు తిప్పలేకపోయాడని. మంచి ప్రశ్న. గామా నేర్చుకున్నది మట్టి గోదాలో, మన దేశపు కుస్తీ. అక్కడ లండన్‌లో చాప, వేరే పద్ధతి, వేరే ఎత్తుగడ. ఓడిపోకుండా ఉంటే చాలునని పడుకున్న మనిషితో గంటల తరబడి పెనుగులాడడం ఆయనకు అలవాటైన పోరాటం కాదు. బలంలో లోటు లేదు. ఆ ఒక్క పరిస్థితికి తాలీం లేదు.

మొదటి పోటీకి వెళ్ళే పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఇదే. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఎదుటివాడు కుస్తీ పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు, కింద పడి చేతిని మెలితిప్పవచ్చు. ఒక్క విద్య వచ్చినవాడు రెండోది రాక దెబ్బతింటాడు. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో ఈ ఆటకు పేరు తెచ్చిన మొదటి పోటీ జరిగినప్పుడు, చూడడానికి సన్నగా ఉండే బ్రెజిల్ యువకుడు రోయిస్ గ్రేసీ తనకంటే బరువైనవారిని నేల మీద పట్లతో లొంగదీశాడు. కండలు ఉన్నవారికి ఆ పట్లు తెలియవు. లండన్‌లో గామాకు ఎదురైన పాఠమే డెన్వర్‌లో వాళ్ళకూ ఎదురైంది. గామా వంటి మహామల్లుడికే తెలియని నేల మీద అంత కష్టమైతే, నాలుగు నెలలు ఫోన్ చూసి బరిలోకి దిగే పిల్లవాడి సంగతి ఏమిటో పెద్దలే ఆలోచించాలి.

గెలుపు తర్వాత అదబ్

ఇంగ్లండు నుంచి తిరిగివచ్చాక అలహాబాద్‌లో గామా మళ్ళీ రహీం బఖ్ష్ సుల్తానీవాలాను ఎదుర్కొన్నారు. ఈసారి విజయం గామాది. రుస్తుమె హింద్ అనే బిరుదు దక్కింది. హిందుస్తాన్‌కే మేటి వీరుడని దాని అర్థం. అయినా జీవితమంతా ఎవరు అడిగినా, తాను ఎదుర్కొన్నవారిలో అందరికంటే బలవంతుడు రహీం బఖ్షేనని గామా చెప్పేవారు. ఓడిన మనిషిని చిన్నబుచ్చలేదు. తనకంటే పెద్దవాడిగానే గౌరవించారు. ఈనాటి పోటీలకు ముందు ఒకరినొకరు దూషించుకోవడం, తల్లిదండ్రులను కూడా అందులోకి లాగడం ఒక వినోదంగా మారింది. మన పిల్లలు ఆ దూషణలను కూడా నేర్చుకుంటున్నారు. గామా దారి అది కాదు.

1922లో భారతదేశానికి వచ్చిన బ్రిటిష్ యువరాజు గామాకు వెండి గద బహూకరించాడు. 1928 జనవరిలో పటియాలా మహారాజు ఏర్పాటు చేసిన పోటీకి బిస్కో వచ్చాడు. పదిహేడేళ్ళ తర్వాత ఇద్దరూ ఎదురెదురు నిలిచారు. ఇద్దరికీ యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి. వేలాది మంది చూస్తుండగా పోటీ మొదలైంది. ఒక్క నిమిషం లోపే ముగిసింది. లండన్‌లో రెండున్నర గంటలు కదలని మనిషి స్వదేశపు మట్టి గోదాలో ఒక్క పట్టుతో వెల్లకిలా పడ్డాడు. అప్పటినుంచి గామాను రుస్తుమె జమాన్ అన్నారు. కాలానికే వీరుడని.

పదిహేడేళ్ళ పాటు ఆ వయసులోనూ సాధన వదలకపోవడమే ఆ ఒక్క నిమిషానికి వెల. జనం నిమిషాన్ని చూశారు. పదిహేడేళ్ళు చూసినవారు తక్కువ.

ఆఖరి సంవత్సరాలు

ఇంత పేరు పొందిన మనిషి ఆఖరి కాలం సుఖంగా గడవలేదు. కొడుకులు చిన్నవయసులోనే ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 1947లో దేశం రెండు ముక్కలైంది. సంస్థానాలతో పాటు మల్లులను పోషించిన రాజదర్బారులూ పోయాయి. గామా లాహోరులో స్థిరపడ్డారు. ఆ అల్లర్ల రోజుల్లో తన వీధిలోని హిందూ కుటుంబాల మీదికి ఒక మూక వస్తే గామా అడ్డంగా నిలబడ్డారని, వారు క్షేమంగా వెళ్ళేదాకా కాపలా కాశారని లాహోరు ప్రజలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రపంచాన్ని గెలిచిన చేతులు ఆ రోజు ఎవరినీ పడగొట్టడానికి లేవలేదు, కాపాడడానికి లేచాయి. ఆయన గెలిచిన పోటీలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క సంఘటన ఒక ఎత్తు.

ముసలితనంలో గుండెజబ్బు, ఆయాసం పట్టుకున్నాయి. డబ్బు లేదు. భారతదేశం నుంచి పారిశ్రామికవేత్త ఘనశ్యాందాస్ బిర్లా కూడా సహాయం పంపారు. 1960 మే 23న లాహోరులో గామా పహిల్వాన్ కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. రోజుకు వేల బస్కీలు తీసిన కాళ్ళు మంచం దిగలేని రోజు కూడా వచ్చింది. బలం అల్లాహ్ మనకు కొంతకాలం అప్పగించిన అమానత్. తిరిగి ఇవ్వవలసిన వస్తువును ఎలా వాడామన్నదే ప్రశ్న.

ధర్మం ఏమంటుంది?

ఇక ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్నకు వద్దాం. కుస్తీ మన ధర్మానికి కొత్త కాదు. ఖురైషీయులలో మేటి మల్లుడైన రుకానాను దైవప్రవక్త (స) కుస్తీలో పడగొట్టారన్న ఉల్లేఖనం హదీసు గ్రంథాలలో ఉంది. ఉహుద్ యుద్ధ సమయంలో చిన్నవాడని వెనక్కి పంపిన సమురా అనే బాలుడు, తనకంటే ముందు ఎంపికైన రాఫెను కుస్తీలో ఓడించి అనుమతి పొందిన సంగతి చరిత్రకారులు రాశారు. శరీరాన్ని దృఢంగా ఉంచుకోవడం మంచి పని.

అయితే ముఖం మీద కొట్టడాన్ని ప్రవక్త (స) వారించారు. ఈ కారణం వల్లనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ విషయంలో ఉలమాలకు గట్టి అభ్యంతరం ఉంది. 1987లో మక్కాలో సమావేశమైన ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి బాక్సింగ్‌ను నిషిద్ధంగా ప్రకటించింది. ఎదుటివాడికి హాని చేయడం సమ్మతమనుకుని ఆడే కుస్తీకి కూడా అదే తీర్పు చెప్పింది. హాని లేకుండా వ్యాయామం కోసం చేసే కుస్తీకి మాత్రం అభ్యంతరం లేదన్నది. కనుక మన పిల్లలకు తెరిచివున్న తలుపు గామా తలుపే. కుస్తీ, జూడో, పట్లతో మాత్రమే ఆడే జుజుత్సు పోటీలు ఉన్నాయి. వాటిలో ముఖం మీద గుద్దు ఉండదు. జిల్లా స్థాయి నుంచి దేశస్థాయి దాకా కుస్తీకి, జూడోకు పోటీలున్నాయి. పాత మల్లులు లంగోటీతో గోదాలో దిగేవారు. ఈ ఒక్క విషయంలో వారిని అనుసరించనక్కరలేదు. నాభి నుంచి మోకాలి దాకా కప్పే దుస్తులు వేసుకోవాలి. పోటీ మీద పందాలు కాయడం జూదమే. దాని దరిదాపులకు పోకూడదు.

తల్లిదండ్రులకు

పిల్లవాడు ఏ పోటీకి తయారవుతున్నా పెద్దలు కొన్ని చూడాలి. మొదటిది, నేర్పేవారు ఎవరు? మనిషి ఎదురుగా ఉండాలి. ఆయన దగ్గరకు ఒకసారి వెళ్ళి కలవాలి. ఆయన ఇతర శిష్యుల నడవడిక ఎలా ఉందో చూడాలి.

రెండోది బరువు. ఈ పోటీలు బరువును బట్టి జరుగుతాయి. తక్కువ బరువు వర్గంలో ఆడాలని పిల్లలు నీళ్ళు మానేసి, మందపాటి దుస్తులు వేసుకుని చెమట కార్చుకుంటారు. మన ప్రాంతం ఎండలకు పేరుపడ్డది. కొత్తగూడెం, భద్రాచలం వేసవిలో ఈ పని చేస్తే వడదెబ్బ తగులుతుంది, మూత్రపిండాలు చెడతాయి, ప్రాణమే పోవచ్చు. వేరే దేశాలలో పేరున్న ఆటగాళ్ళే ఇలా చనిపోయిన ఉదంతాలున్నాయి. మొదటి పోటీకి పిల్లవాడు తన సహజమైన బరువులోనే ఆడాలి.

మూడోది తల. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా వెంటనే డాక్టరుకు చూపించాలి. డాక్టరు సరేననేదాకా సాధన ఆపాలి. అంతర్జాతీయ అమెచ్యూర్ నిబంధనల్లో మూడేసి నిమిషాల మూడు రౌండ్లే ఉంటాయి, మోచేతి దెబ్బలు నిషిద్ధం, కాళ్ళకు రక్షణ తొడుగులు తప్పనిసరి. ఈ మాత్రం జాగ్రత్త కూడా లేకుండా, డాక్టరు లేకుండా జరిపే పోటీకి బిడ్డను పంపడం తెలిసి తెలిసి అపాయంలోకి నెట్టడమే.

నాలుగోది కోపం. కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకున్నవాడినే ప్రవక్త (స) నిజమైన బలవంతుడిగా గుర్తించారు. పట్టు నేర్చిన పిల్లవాడు బడిలో, బజారులో ఆ పట్టు చూపితే ఆ రోజే గోదా మాన్పించాలి. పాత తాలింఖానాలలో వస్తాదులు చేసింది ఇదే.

కథ పూర్తయ్యాక ఆ కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్ళేముందు, మన పక్క కుస్తీ నేర్పే వస్తాదు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. వెతికి చెబుతామన్నాం. వెతకవలసిన పని వాడిది మాత్రమే కాదు. ఊరూరా ఉండిన తాలింఖానాలు మూతపడుతుంటే చూస్తూ ఊరుకున్నది మనమే. ఊళ్ళో ఒకరిద్దరు పాత పహిల్వాన్లు ఇంకా ఉండవచ్చు. జిల్లాలో కుస్తీ, జూడో నేర్పే శిక్షకులు ఉంటారు. నలుగురు పెద్దలు కలిసి వారిని అడిగి, ఒక చిన్న గోదా తవ్వించి, తెల్లవారుజామున రోడ్డు మీద ఒంటరిగా పరుగెత్తే ఆ పిల్లలను అక్కడికి పిలిస్తే ఎంత మేలు! నూన్ పహిల్వాన్, ఈదా పహిల్వాన్ ఒక అనాథ బిడ్డను చేరదీయకపోతే గామా లేరు.

మన పిల్లలకు ఆరోగ్యం, బలం ప్రసాదించి, ఆ బలాన్ని బలహీనులను కాపాడడానికి వాడే బుద్ధిని, వారికి మంచి గురువులను అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.